ఈ దినములలో బిడ్డలను కనవచ్చునా?

వాక్యభాగములు: యిర్మీయా 16:1–4, యిర్మీయా 29:4–7, 1 కొరింథీయులకు 7:25–35. పాఠము మొదలుపెట్టకముందు ఈ మూడు భాగములను ఇంటివారందరు కూర్చుండి బిగ్గరగా చదువుకొనుడి.



గత వేసవిలో ఒక ఆదివారము ఆరాధనవేళ మా సంఘములోని ఒక పెద్దమ్మగారు మా చేతికి ప్రార్థనచీటి నిచ్చిరి. తన కుమారునికి వివాహమై నాలుగేండ్లు దాటినదనియు, కోడలి కడుపు ఇంకను పండలేదనియు, దేవుడు గర్భఫలము దయచేయునట్లు ప్రార్థింపవలెననియు అందులో వ్రాయబడియున్నది. మేము వెనుకముందు విచారింపక, సంఘమంతయు వినుచుండగా వారిద్దరి పేర్లు చదివి, హన్నాను జ్ఞాపకము చేసికొనిన దేవుడు ఈ చెల్లెలినికూడ జ్ఞాపకము చేసికొనవలెనని ప్రార్థించితిమి. అందరును ఆమేన్ అనిరి. ఆ కోడలు మాత్రము తల యెత్తలేదు. ఆశీర్వాదము పలుకకముందే లేచి వెళ్లిపోయినది.

మూడవనాటి సాయంకాలము భార్యాభర్తలిద్దరును మా యింటికి వచ్చిరి. అతడు రొయ్యలచెరువులమీద పనిచేయుచున్నాడు. ఆమె ప్రక్క ఊరి బడిలో విజ్ఞానశాస్త్రము చెప్పుచున్నది. మా యింటి అమ్మగారు ఇచ్చిన మజ్జిగ త్రాగి చాలసేపు మాటలాడక కూర్చుండిరి. తరువాత ఆమెయే నోరు విప్పినది. "అయ్యగారూ, మాకు పిల్లలు పుట్టకపోవడం కాదండి. మేమే వద్దనుకున్నాము."

ఎందుకమ్మా అని అడిగితిమి. ఆమె చెప్పిన కారణము మేము ఎదురుచూచినది కాదు. మే నెలలో బడిపిల్లలు సొమ్మసిల్లి పడుచున్నారనియు, అత్తవారింటి బోరులో నీరు మూడేండ్లుగా ఉప్పెక్కినదనియు, సముద్రము ఏటేట దగ్గరకు వచ్చుచున్నదనియు చెప్పినది. తాను పిల్లలకు చెప్పు పాఠములోనే భూమి వేడెక్కుచున్నదని యున్నదట. "ఇప్పుడు పుట్టిన బిడ్డకు యాభై ఏండ్లు వచ్చేసరికి ఈ ఊరు ఎట్లా ఉంటుందో తెలిసి తెలిసి ఎట్లా కనమంటారు?" అనెను.

మేము గట్టిగా నవ్వలేదుగాని లోపల నవ్వితిమి. నారు పోసినవాడు నీరు పోయడా అని మన పెద్దలు చెప్పు మాటనే చెప్పితిమి. ఆమె వెంటనే, "ఉప్పెనలో పోయిన పిల్లలకు నారు పోసింది కూడ ఆయనే గదండి" అనెను. ఆ చిన్నది ఈ ఊరికి కోడలిగా వచ్చినది. మా కుటుంబపు సంగతి ఆమెకు తెలియదు. తెలిసిన మా యింటి అమ్మగారు వంటింటిలోనికి వెళ్లిపోయిరి. ఆ రాత్రి మేము నిద్రపోలేదు. ఈ పాఠము ఆ రాత్రి మొదలుపెట్టినదే.

ముందుగా ఆమె భయము వట్టిదా అని చూడవలెను. సంఘపెద్దలలో కొందరు ఇది చదువుకొన్నవారి వేషమనిరి. ఒకరు ఆదికాండము 8:22 తెరచి, విత్తనకాలము కోతకాలము, వేసవి శీతకాలము నిలిచిపోవని దేవుడే నోవహుకు మాట యిచ్చెనుగదా, ఇక చింత యెందుకనిరి. ఆ వచనమును మరల చదువుడి. కాలములు ఆగిపోవని దేవుడు మాట యిచ్చెను. మనుష్యులు ఏమి చేసినను ఎండ హెచ్చదని మాత్రము ఎచ్చటను చెప్పలేదు.

బొగ్గును పెట్రోలును డీజిలును కాల్చగా వచ్చు బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరి, భూమి వేడిమిని పైకి పోనీయక దుప్పటివలె కప్పుచున్నది. యంత్రములు ప్రబలకముందు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లుండిన ఆ వాయువు 2024 నాటికి 420 పాళ్లు దాటినది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కచొప్పున, కొలతలు వ్రాసిపెట్టుట ఆరంభమైన నాటనుండి 2024వ సంవత్సరమే అన్నిటికంటె వేడి సంవత్సరము. 1850–1900 నాటి సగటుకంటె సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. ఒకటిన్నర డిగ్రీ ఏపాటి యనుకొనవద్దు. మన ఒంటికి ఒకటిన్నర డిగ్రీ హెచ్చినయెడల ఆ దినమున నాట్లకు పోగలమా?

2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో వడదెబ్బచేత 3,000 మందికి పైగా చనిపోయిరి. 2015లో రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి 2,000 మందికి పైగా పోయిరి. వారిలో అనేకులు మన వంటివారే, ఎండలో కూలి చేసికొని బ్రదుకువారు. ఎండవేడిమి హెచ్చినకొలది నెలలు నిండని కాన్పులు పెరుగుచున్నవని వైద్యుల పరిశోధనలు చెప్పుచున్నవి. ఉప్పాడ తీరమున సముద్రము ఇండ్లను గుడులను మ్రింగుట మనలో పలువురు కన్నులార చూచితిమి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మన సంఘములనుండి బియ్యము దుప్పట్లు పంపితిమిగదా.

అయితే ఊరిలోని ప్రతి కీడును వాతావరణముమీదికి నెట్టుటయు న్యాయము కాదు. బోరులలో ఉప్పునీరు పడుటకు వరిపొలములలో మనమే త్రవ్వుకొనిన చెరువులును కారణమే. ఎగువ ఆనకట్టలలో మట్టి నిలిచిపోయి కృష్ణమ్మ తెచ్చు ఒండ్రు తగ్గుటచేత తీరము కోతపడుచున్నది. మడ అడవులను కొట్టినవారు దూరదేశస్థులు కారు. ఈ మాటలు ఆ యౌవనునితో చెప్పినప్పుడు అతడు నవ్వి, "మా యజమాని మన చర్చికే చందా ఇస్తాడండి" అనెను. మేమును నవ్వితిమిగాని అది నవ్వవలసిన మాట కాదు.

ఇట్టి ప్రశ్న మన పల్లెలో ఒక్కరికే పుట్టినదికూడ కాదు. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ అను వైద్యపత్రికలో ఒక పరిశోధన ప్రకటింపబడెను. మన దేశముతో కలిపి పది దేశములలో 16 మొదలు 25 ఏండ్ల వయస్సుగల 10,000 మందిని ప్రశ్నింపగా, నూటికి 39 మంది ఈ కారణముచేత బిడ్డలను కనుటకు సంకోచించుచున్నామనిరి. మన కొడుకులును కోడండ్రును ఈ మాట మనతో చెప్పుటలేదంటే, వారికి ఆ తలంపు లేదని కాదు. చెప్పినయెడల ఏమందుమో వారికి తెలియును.

ఇప్పుడు వాక్యమునకు వచ్చెదము. యిర్మీయా 16వ అధ్యాయములో దేవుడు తన ప్రవక్తను పిలిచి, ఈ స్థలమందు నీవు పెండ్లి చేసికొనరాదు, కుమారులను కుమార్తెలను కనరాదు అని కట్టడి చేయుచున్నాడు. కారణమును కూడ చెప్పుచున్నాడు. అచ్చట పుట్టు బిడ్డలును వారిని కనిన తలిదండ్రులును కరువుచేతను ఖడ్గముచేతను ఘోరముగా చనిపోవుదురు. వారికొరకు ఏడ్చువారుగాని పాతిపెట్టువారుగాని యుండరు. బిడ్డలు పడబోవు బాధను తలంచి కనకుండుట అవిశ్వాసమని చెప్పువారు ఈ మాటలను దాటిపోవుచున్నారు. ఇచ్చట ఆ బాధను ముందు తలంచినవాడు దేవుడే. యూదుల ఇంటిలో పెండ్లిలేనివాడు, బిడ్డలులేనివాడు ఎంత అవమానము పొందునో యెరిగియుండియు, ఆయన తన సేవకుని ఒంటరిగా నిలిపెను. అతని ఖాళీ యిల్లే యెరూషలేమునకు ప్రసంగమాయెను.

ఆ ప్రవక్తయే 29వ అధ్యాయములో బబులోనుకు చెరపట్టబడిన వారికి ఉత్తరము వ్రాయుచున్నాడు. క్రీ.పూ. 597లో మొదటి గుంపు చెరకు పోయెను. యెరూషలేము ఇంకను నిలిచియున్నది. ఆ ఉత్తరములో ఇండ్లు కట్టుకొనుడనియు, తోటలు నాటుడనియు, పెండ్లి చేసికొని పిల్లలను కనుడనియు, ఆ పిల్లలకును పెండ్లిండ్లు చేసి మనుమలను ఎత్తుడనియు, తక్కువై పోవద్దనియు యున్నది. ఒకే నోరు, ఒకే దేవుడు, ఇంచుమించు ఒకే కాలము. ఒకరికి కనవద్దు, ఒకరికి కనుడి. మా గురువులు వేదాంత పాఠశాలలో ఈ రెండు అధ్యాయములను వేర్వేరు దినములలో చెప్పిరిగాని, ప్రక్కప్రక్కన పెట్టి చూపినట్లు మాకు జ్ఞాపకము లేదు. ఆ రాత్రివరకు మేమును పెట్టి చూడలేదు.

ఈ రెంటిని ఎట్లు కలిపి చదువవలెను? కొందరు 29వ అధ్యాయమును పట్టుకొని, దేవుడు కనుమనెను గనుక కనవలసినదే యందురు. వారొకటి గమనింపవలెను. ఆ ఉత్తరము సుఖపడువారికి వ్రాసినది కాదు; పరాయి రాజు చేతిక్రింద, పరాయి కాలువల ప్రక్కన ఏడ్చుచున్న వారికి వ్రాసినది. త్వరలో అంతయు చక్కబడునని ధైర్యము చెప్పినదికూడ కాదు. ముందటి అధ్యాయము చూడుడి. హనన్యా అనువాడు రెండేండ్లలో చెర తీరిపోవునని చెప్పి జనులను సంతోషపెట్టెను. అది అబద్ధమని యిర్మీయా వాని ముఖముమీదనే చెప్పెను. చెర డెబ్బది ఏండ్లు (29:10). అనగా ఉత్తరము చదివిన తల్లి తాను తిరిగి వెళ్లదు. ఆమె మనుమరాలు వెళ్లవచ్చును. నిజము తెలిసికొని, తన కండ్లు చూడని దినముకొరకు కనుట ఆ ఉత్తరములోని ఆజ్ఞ. హనన్యా నమ్మికకును ఈ నమ్మికకును చాల దూరము. ఎండలెప్పుడును ఉన్నవే, ఏమియు కాదు, కనండి అను మాట మన ఊరిలో వినబడునప్పుడెల్ల మాకు హనన్యా గొంతు వినబడుచున్నది. ఆ సాయంకాలము మేము చెప్పిన మాటకూడ దానికి దగ్గరిదే.

మరికొందరు 16వ అధ్యాయమును పట్టుకొని, లోకము పాడగుచున్నది గనుక ఎవరును కనరాదనవచ్చును. ఆ కట్టడి యిర్మీయాకు, ఆ స్థలములో, గురుతుగా ఇయ్యబడినది. అతని లేఖికుడైన బారూకుకైనను అట్టి మాట చెప్పబడినట్లు వ్రాయబడలేదు. పెండ్లిలేక, బిడ్డలులేక యున్న ఆ యిర్మీయాయే 32వ అధ్యాయములో, పట్టణము ముట్టడిలో నుండగా, చెరసాలలో కూర్చుండి, అనాతోతులోని పొలమును పదియేడు తులముల వెండి తూచి కొనెను. తనకు వారసుడు లేడు. ఆ పొలము ఎవరికొరకు? ఇతరుల బిడ్డలకొరకే. బిడ్డలు వద్దనుకొనినవాడు రేపటిని వద్దనుకొనినవాడు కాడని దీనినిబట్టి నేర్చుకొనుచున్నాము.

యోసేపునకు ఇద్దరు కుమారులు కరువు రాకముందే పుట్టిరని ఆదికాండము 41:50 ప్రత్యేకముగా చెప్పుచున్నది. ఈ మాటనుబట్టి పూర్వపు యూదుల బోధకులలో ఒకరు, లోకము ఆకలితో నున్నప్పుడు దంపతులు దూరముగా నుండవలెనని బోధించెను. మోషే తలిదండ్రుల కథ దీనికి ఎదురు. మగబిడ్డలను నదిలో వేయవలెనని రాజాజ్ఞ యుండగానే వారు కనిరి. కని మూడు నెలలు దాచిరి. హెబ్రీయులకు 11:23 దానిని విశ్వాసమని పిలుచుచున్నది. అయితే ఆ వచనము మెచ్చుకొనినది కనుటను కాదు, దాచుటను. కనిన తరువాత జమ్ముపెట్టె అల్లి, కీలుపూసి, అక్కను కాపలా పెట్టిన చేతులను మెచ్చుకొనినది.

పౌలు 1 కొరింథీయులకు 7వ అధ్యాయములో ఇంకను సూటిగా నున్నాడు. అప్పటి ఇబ్బందినిబట్టి పెండ్లిలేకుండుట మంచిదని తన తలంపు చెప్పుచు, ఈ విషయములో తనకు ప్రభువు ఆజ్ఞ లేదని ఒప్పుకొనుచున్నాడు (25వ వచనము). ఎవరికిని ఉరి పన్నుట తన ఉద్దేశము కాదనికూడ చెప్పుచున్నాడు (35వ వచనము). అంతటి అపొస్తలుడు ఆజ్ఞ లేదనినచోట పల్లె పాస్టరు ఆజ్ఞ ఇయ్యవచ్చునా? ప్రార్థనచీటి చదివిన దినమున మేము ఉరియే పన్నితిమి.

మీరు ఫలించి భూమిని నిండించుడను మాట (ఆదికాండము 1:28) ఆజ్ఞ కాదా యని మీరడుగవచ్చును. అది ఆశీర్వాదముగా పలుకబడిన మాట. ఇంకొకటి. ఆరు వచనములకు ముందు, 22వ వచనములో, అదే ఆశీర్వాదము చేపలకును పక్షులకును ఇయ్యబడినది. వాటిని నీటనిండ, నేలనిండ ఉండుమనెను. మన కాలువలలో మన చిన్నతనమున దొరికిన జెల్లలు, మట్టగిడసలు ఇప్పుడెన్ని యున్నవి? మన ఆశీర్వాదమును పట్టుకొని వాటి ఆశీర్వాదమును మనము తీసివేసితిమేమో తలంచుడి.

ఒక తప్పు లెక్కనుగూర్చి కొంచెము చెప్పవలెను. ఒక బిడ్డ తక్కువగా పుట్టినయెడల ఇన్ని టన్నుల వాయువు తగ్గునని 2017లో స్వీడను, కెనడా పండితులిద్దరు లెక్క వేసిరి. అది ధనికదేశముల బిడ్డల లెక్క. ఆ బిడ్డకు పుట్టబోవు సంతతినికూడ కలిపి వేసిన లెక్క. అమెరికాలో తలకు ఏటికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు పోవుచున్నది. మన దేశములో సుమారు 2 టన్నులు. మన దేశములోనైనను కారులు, విమానములు, చల్లనియంత్రములు గలవారు వేరు, వరినాట్లు వేయు స్త్రీ వేరు. కనుక మాలపల్లెలోగాని మాదిగపల్లెలోగాని పల్లెకారుల పేటలోగాని ఊగుచున్న ఉయ్యాల ఈ లోకమును వేడి చేయుచున్నదని ఎవరైన చెప్పినయెడల నమ్మవద్దు. పేదవారి గర్భమును నిందించుట లోకమునకు పాత అలవాటు. మన రాష్ట్రమునే చూడుడి. ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994లో చట్టము చేసిరి. 2024 నవంబరులో దానిని తీసివేసిరి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశములో ఒక్కొక్క స్త్రీకి సగటున 1.7 బిడ్డలే యని తేలినది. ఇప్పుడు పిల్లలు తక్కువై పోవుచున్నారను దిగులు వినబడుచున్నది. నిన్న వద్దనిరి, నేడు కావలెననుచున్నారు. ఆపరేషను బల్లమీద పండుకొనిన మన తల్లులను అప్పుడెవరు అడిగిరి?

మన పితరులును ఇట్టి కాలమును దాటిరి. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువులో లక్షలాది జనులు చనిపోయిరి. ఒంగోలులో మిషనెరీగా నుండిన క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని ఆకలిగొనినవారికి పని చూపిరి. కూటికొరకు బాప్తిస్మము కోరుదురేమోయని కరువున్నంతకాలము బాప్తిస్మములు ఆపివేసిరి. పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ కథ మన సండేస్కూలులో ప్రతి యేడు చెప్పుదుము. చెప్పనిది ఒకటి యున్నది. ఆ కరువు నడిచినంతకాలము మదరాసు రాజధానిలో జననములు మిక్కిలి తగ్గిపోయెను. కరువు తీరిన పిమ్మట మరల పెరిగెను. ఆకలిగొనిన శరీరము తానే ఆగినదో, దంపతులే ఆగిరో, రెండునో. ఆగినవారిని దేవుడు విడిచిపెట్టలేదు. వారిలోనుండియే మన సంఘములు పుట్టినవి.

ఇక మా యింటి సంగతి చెప్పక తప్పదు. మాది దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీ, శనివారము, ఉప్పెన వచ్చినప్పుడు మా తలిదండ్రులకు ఇద్దరు బిడ్డలుండిరి. మా తల్లి తుమ్మచెట్టు కొమ్మలలో చిక్కుకొని బ్రదికినది. బిడ్డలు బ్రదుకలేదు. ఆ ఉప్పెనలో పదివేల మంది వరకు పోయిరి. మేము 1982లో పుట్టితిమి. ఆ దంపతులు వచ్చి వెళ్లిన మరునాడు మేము మా తల్లియొద్దకు పోయి, నలువది యేండ్లలో ఎన్నడును అడుగని మాట అడిగితిమి. అంత జరిగిన తరువాత మరల ఎట్లు కన్నావమ్మా?

ఆమె విశ్వాసమునుగూర్చి ఏదైన చెప్పునని, దానిని ప్రసంగములో వాడుకొనవచ్చునని మేము తలంచితిమి. ఆమె చింతపండు గింజలు తీయుచు, "నన్నెవరడిగారు నాయనా" అనెను. కొంతసేపటికి, "నువ్వు పుట్టాక పదేళ్లు గాలి వేసిన రాత్రి నేను పడుకోలేదు. నీ కాలికి చీరకొంగు కట్టుకుని కూర్చునేదాన్ని" అనెను. మేము పుట్టినందుకు సంతోషమేనా యని అడుగుటకు మాకు నోరు రాలేదు. ఆమెయే మా ముఖము చూచి, పిచ్చివాడా యని తల నిమిరినది.

ఆ మాట విన్న తరువాత మాకు రెండు సంగతులు తేటపడినవి. మొదటిది, ఆ చిన్నదానిని ఆమె అత్తగారు, మేము, సంఘము అందరము అడుగవలసిన విధముగా అడుగలేదు. మా తల్లికి దొరకని ప్రశ్న ఈమెకు దొరకినది. ఆ ప్రశ్నను భార్యాభర్తలిద్దరు దేవుని సన్నిధిని కూర్చుండి విప్పుకొనుటకు తావియ్యవలెను. రెండవది, చీరకొంగు. ఆ కొంగు ఒక్క తల్లి కట్టవలసినది కాదు. 1977 తరువాత తీరమంతట తుపాను షెల్టర్లు కట్టిరి. హెచ్చరికలు ముందుగా వచ్చుచున్నవి. జనులను ముందే తరలించుచున్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్టణమును పీకివేసెను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్లయొద్ద తీరము దాటెను. ఇండ్లు పంటలు పోయినవిగాని, 1977లో పోయినట్లు వేలమంది పోలేదు. గాలి తగ్గలేదు. మనుష్యులు జమ్ముపెట్టెకు కీలు పూయుట నేర్చుకొనిరి.

గనుక పిల్లలను కనుడి అని చెప్పు నోరుగల సంఘమునకు చేతులుకూడ ఉండవలెను. మే నెలలో నిండుచూలాలు మిరపకోతకు పోవుచున్నప్పుడు ఆ పదిదినముల కూలి మనము పూడ్చగలమా? మన గుడి తాళము మధ్యాహ్నము పండ్రెండు మొదలు నాలుగు వరకు తెరచి, ఫ్యానులు వేసి, కడవలతో నీళ్లు పెట్టి, ఎవరైనను వచ్చి కూర్చుండవచ్చునని చెప్పగలమా? మా సంఘములో ఈ రెండవదానికి పెద్దలు ఒప్పుకొనిరి. కరెంటు బిల్లు ఎవరు కట్టవలెనని ఒక సాయంకాలమంతయు వాదించిరి. మొదటిదానికి స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము ఎత్తుచున్నారు. మడచెట్లు నాటుట మాత్రము ఇంకను మాటలలోనే యున్నది.

ఆ దంపతులతో మేము చెప్పినది కొద్దియే. మీరు కనకపోవుట పాపమని మాకు వాక్యములో కనబడలేదంటిమి. కనుటయు బుద్ధిహీనత కాదంటిమి. భయమొక్కటే మిమ్మును నడిపించుచున్నదా, లేక ప్రేమకూడ నడిపించుచున్నదా యని ఇద్దరును విడివిడిగా తలపోసికొని, ఆ పిమ్మట కలిసి ప్రార్థించుడంటిమి. ఒకరి మనస్సు ఒకరు మోయుచున్నారేమో చూచుకొనుడంటిమి. ఏలయనగా భర్త ఆ సాయంకాలము చాల తక్కువ మాటలాడెను, మా యింటి అమ్మగారు దానిని కనిపెట్టిరి. కనకపోయినను యిర్మీయావలె ఎవరికొరకైనను పొలము కొనవలెను గదా అంటిమి. యెషయా 56:4–5లో బిడ్డలులేనివారికి తన యింటిలో దేవుడు ఇచ్చు పేరునుగూర్చి చదివితిమి. దత్తతనుగూర్చి వారే అడిగిరి. ఇప్పటి చట్టమునుబట్టి క్రైస్తవులును కారా అను కేంద్రసంస్థద్వారా దత్తత తీసికొనవచ్చునని చెప్పితిమి. ఆసుపత్రులలోను మధ్యవర్తులయొద్దను డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకొనుట నేరమనికూడ చెప్పితిమి. ఈ మాట సంఘములన్నిటికిని చెప్పవలసినదే.

మరియొక సంగతి. మన మధ్య వద్దనుకొనినవారు కొందరు, కావలెనని యేండ్లతరబడి కన్నీళ్లు విడుచువారు మరికొందరు. బయటికి ఇద్దరును ఒకే విధముగా కనబడుదురు. మేము ఈ పాఠము వ్రాయుచున్నామని విని ఒక సహోదరి, "అయ్యగారూ, వద్దనుకునేవాళ్ల గురించి రాస్తున్నారు, మా గురించి కూడ ఒక మాట రాయండి" అనెను. అమ్మా, నీ మాట వ్రాసితిమి. గుడిలోగాని పెండ్లిపందిరిలోగాని ఎవరినైనను ఇంకను ఏమియు విశేషము లేదా యని అడుగు అలవాటును ఈ పత్రిక చదువు వారందరు మానవలెను.

ఆ తరువాతి ఆదివారము, పేర్లు చెప్పక, ఒక కుటుంబపు రహస్యమును వేదికమీదికి తెచ్చినందుకు మేము సంఘము ఎదుట క్షమాపణ అడిగితిమి. దంపతులు ఇంకను ఏమియు నిశ్చయించుకొనలేదు. ఆమె ఇప్పుడు సండేస్కూలులో చిన్నపిల్లల తరగతికి బోధించుచున్నది. ఆ పెద్దమ్మగారు మాత్రము మామీద కోపము విడువలేదు. నా కోడలిని పాస్టరుగారే పాడుచేసిరని బావియొద్ద చెప్పుకొనుచున్నారట. కోతపండుగ దినమున కానుకల పళ్లెములో ఆమె మరల అదే చీటిని, అవే మాటలతో వేసిరి. మేము దానిని జేబులో పెట్టుకొని, ఇంటికి పోయి, తలుపు వేసికొని ముగ్గురి కొరకును ప్రార్థించితిమి.